మిర్యాలగూడ నుంచి జవాబు లేదు

సూర్యాపేటలో దామోదర్ గారి బియ్యం మిల్లు మేడ మీద ఒక గది ఉంది. గది అనగానే ఏదేదో ఊహించుకోకండి. పాత గోనెసంచుల కట్టలు ఖాళీ చేయించి, గోడలకు సున్నం వేయించి, ఒక ఏసీ బిగించి, బల్ల మీద రెండు తెరలు పెట్టి, తలుపుకు "కంప్యూటర్ రూమ్" అని కాగితం అంటించారు. అంతే. ఆ గదిలో పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరింటి దాకా కూర్చునే మనిషి యమున. పాలకీడు దగ్గరి తండా పిల్ల. పాలిటెక్నిక్ చదివింది, ఇరవై నాలుగేళ్లు, నెమ్మదస్తురాలు. ఆ గదిలో ఆమె చేయవలసిన పని ఏమిటయ్యా అంటే, చూడటం.

నవ్వకండి, చూడటం కూడా పనే. దామోదర్ గారికి సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి, మొత్తం మూడు మిల్లులు. మూడింటిలో ఉన్న కంప్యూటర్లు, కెమెరాలు, నెట్టు పెట్టెలు యమున తెర మీద చిన్న చిన్న బొమ్మలై కనపడతాయి. బాగుంటే పచ్చగా, పాడైతే ఎర్రగా. ఇట్లా కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్‌ను దామోదర్ గారు రెండేళ్ల కింద తెప్పించారు. ఎందుకంటే ఏ మిల్లు కాంటా మీద తూచినా సరే, ఆ బరువు సూర్యాపేట సర్వర్‌లో పడితే తప్ప చీటీ బయటికి రాదు. చీటీ రాకపోతే ట్రాక్టరు కాంటా దిగదు. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో, ఏప్రిల్ ఎండలో, మిర్యాలగూడ మిల్లు ముందు ట్రాక్టర్ల వరస రోడ్డు దాకా ఉంటుంది. ఒక్కటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. అప్పుడు ఆ రైతులంతా వచ్చి ఎవరి మీద పడతారో చెప్పనక్కర్లేదు, కాంటా దగ్గర కూర్చున్న మనిషి మీద.

ఆ మనిషి పేరు అచ్చయ్య. అరవై దగ్గర పడ్డాడు. పదహారేళ్లుగా అదే కాంటా, అదే ఇనప కుర్చీ. యమున అతన్ని ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు.

యమునకు ముందు ఆ కుర్చీలో సాయికిరణ్ అనే అబ్బాయి ఉండేవాడు. హైదరాబాదులో మంచి ఉద్యోగం దొరికి వెళుతూ, ఒక చాయ్ తాగే లోపల పనంతా ఒప్పజెప్పాడు.

"బొమ్మ ఎర్రగైందనుకో, దాని మీద రైట్ క్లిక్ కొట్టు. గీ లిస్టు వస్తది. పింగ్ కొట్టు. జవాబొస్తే మంచిదే. రాలేదా, ఆ మిల్లోళ్లకు ఫోన్ చెయ్. ఇగ ఖతం."

"పింగ్ కింద ఇంకా పదున్నయి గదన్నా, అవేంది?"

"అవి మనకెందుకు? రెండేండ్లల్ల నేను ఒక్కసారి గూడ ముట్టలే. ఏమన్న అటిటైతే దామోదర్ సార్ నెత్తిన కూసుంటడు." లేచి బ్యాగు తగిలించుకుంటూ ఇంకొక మాట కూడా అన్నాడు. "ఇంకోటి. ఫోన్ల ఆ మిల్లోళ్లు చెప్పేది పట్టించుకోకు. లైటు వెలిగిందో ఆరిందో గూడ తెల్వదు వాళ్లకు."

కొత్త ఉద్యోగం, ముందున్నవాడి మాట. ఎవరైనా వింటారు. యమున విన్నది.

పింగ్ అంటే పెద్ద విద్య ఏమీ కాదు. అవతలి పెట్టెను పేరు పెట్టి కేకేయడం. "ఉన్నావా?" అంటే "ఉన్నా" అని నాలుగుసార్లు పలకాలి. పలికితే సరే. పలకకపోతే తెర మీద నాలుగు వరసలు ఒకటే మాట, జవాబు లేదు, జవాబు లేదు, జవాబు లేదు, జవాబు లేదు.

మార్చి చివరి వారంలో మిర్యాలగూడతో పేచీ మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంట కొట్టగానే ఎరుపు, రెండుంబావుకు పచ్చ. రోజూ కాదు, వారంలో మూడు నాలుగు రోజులు. యమున పింగ్ కొట్టేది, జవాబు రాకపోయేది, ఫోన్ చేసేది.

"తాతా, నీ కాడ పెట్టె లైట్లు జర సూసి చెప్తవా?"

"ఉండు బిడ్డా." కుర్చీ కిర్రుమనేది, చెప్పుల చప్పుడు, వెనక ట్రాక్టర్ల మోత, ఎవరో రైతు తిట్లు. "రెండు పచ్చగున్నయి. మూడోది ఎర్రగ కొట్టుకుంటున్నది."

"ఎవరన్న ముట్టిండ్రా?"

"ఎవలు ముడ్తరమ్మా? గీడ నేనే ఉన్న గద."

ఆ రెండు పచ్చ, ఒక ఎరుపు సంగతిని యమున ఏనాడూ కాగితం మీద పెట్టలేదు. ఎందుకు పెడుతుంది? తెర జవాబు లేదంటుంటే, ముసలాయన లైట్లు లెక్కపెట్టి చెప్పింది ఏం పనికొస్తుంది? రోజువారీ రిపోర్టులో "మిర్యాలగూడ నుంచి జవాబు లేదు" అని రాసి కింద సంతకం చేసేది. ఆరో రోజున దామోదర్ గారు విసుక్కున్నారు.

"జవాబు లేదు, జవాబు లేదు. ఏందమ్మా ఇది, నాకు అర్థమయ్యేటట్టు రాయరాదు?"

సరే అర్థమయ్యేటట్టు రాద్దామనుకుంది. ఆ రోజు రిపోర్టులో ఇలా రాసింది: "మిర్యాలగూడలో కాంటా దగ్గర పెట్టెను ఆపేస్తున్నారు." చూడండి, ఒక్క వాక్యం. రాసేటప్పుడు చేతికి బరువేమీ అనిపించలేదు.

ఆ తరవాతి బుధవారం దామోదర్ గారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. సేద్యంలో పెరిగిన మనిషి, ఏ మాటైనా పొలం ఆ గట్టున ఉన్నవాడికి వినపడేటట్టు చెబుతారు.

"శభాష్ యమునా! నువ్వు దొరకబట్టినవ్. ముసలోడే పెట్టె బంద్ పెడ్తున్నడు. బంద్ పెట్టి, చేతి చీటీలు రాసి, తెలిసినోళ్ల ట్రాక్టర్లు ముందల పంపుతున్నడు. పదకొండు చీటీలు దొరికినయి నాకు. శనివారం సాయంత్రం తాళాలు ఒప్పజెప్పి పొమ్మన్న."

యమున కుర్చీలోంచి లేచింది. "సార్, తాత అట్ల..."

"నువ్వే రాసినవ్ గదమ్మా, ఆపేస్తున్నరని! అది తనంతట తాను ఆగుతదా?" దామోదర్ గారు గడియారం చూసుకున్నారు. "నాలుగైంది. కోదాడ క్యారియర్ వచ్చిందేమో సూస్త." అని దిగిపోయారు.

కోదాడ క్యారియర్ సంగతి ఆ మిల్లులో అందరికీ తెలుసు. సన్నబియ్యం ఆడేది కోదాడ మిల్లులోనే. కొత్త వడ్లు దిగిన ప్రతిరోజూ గుప్పెడు ఆడించి, ఆ బియ్యం అక్కడే వండించి, క్యారియర్‌లో వచ్చిన ఆ అన్నం దామోదర్ గారు స్వయంగా తినాలి. ముద్దవుతుందా, పొడిపొడిగా ఉంటుందా, వాసన ఉందా, నోటికి ఎట్లా ఉంది, అన్నీ చూసి ఏ రకం సంచిలో పోయాలో చెబుతారు. దాన్ని వంట పరీక్ష అంటారు. వాళ్ల నాయన కాలం నుంచీ ఉన్న పద్ధతి. యంత్రాలు ఎన్ని వచ్చినా దామోదర్ గారు నాలుకనే నమ్ముతారు.

ఆ రోజు ఇంటికి పోయాక యమునకు అన్నం సహించలేదు. తల్లి గౌరీబాయి అడిగితే, "ఏం లేదే, ఎండకు" అంది. ఎండా కాదు, పాడూ కాదు. పెట్టె జవాబివ్వలేదు, అది నిజం. ఆపేస్తున్నారు అన్నది తాను కలిపింది. ఎవరూ చూడనిది చూసినట్టు రాసింది. పదహారేళ్లుగా పనిచేస్తున్న మనిషి శనివారం సాయంత్రం టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని గేటు దాటబోతున్నాడు, తన వాక్యం వల్ల.

గురువారం పొద్దున రాగానే ఆమె చేసిన మొదటి పని, సాయికిరణ్ ముట్టొద్దన్న జాబితా తెరవడం. ఆ రోజు అన్నీ పచ్చగానే ఉన్నాయి. పచ్చగా ఉన్నప్పుడే నేర్చుకోవాలి అనుకుంది. మిర్యాలగూడ బొమ్మ మీద రైట్ క్లిక్ కొట్టింది. పింగ్ కింద ట్రేస్‌రూట్ అని ఉంది. కొట్టింది. ఏమీ కూలిపోలేదు. తెర మీద తీరిగ్గా నాలుగు వరసలు వచ్చాయి.

మొదటి వరస సూర్యాపేట పెట్టె. రెండోది కోదాడ పెట్టె. మూడో వరసలో పేరు లేదు, ఉత్త నంబరు. నాలుగోది మిర్యాలగూడ. యమున ఆ నాలుగు వరసలను చాలాసేపు చూసింది. అంటే ఇక్కడి నుంచి కేక తిన్నగా మిర్యాలగూడకు పోవడం లేదు, కోదాడ మీదుగా గడప గడపా ఎక్కి దిగి పోతోంది. పింగ్ ఈ సంగతి చెప్పదు. పలికారా లేదా అంటుంది, దారిలో ఎక్కడ ఆగిందో అడిగితే మొహం తిప్పుకుంటుంది. ట్రేస్‌రూట్ ఒక్కొక్క గడప పేరూ చెబుతుంది.

ఇంకా కిందికి పోయింది. అప్‌టైమ్ అని ఉంది. అదీ కొట్టింది. మిర్యాలగూడ పెట్టె ఆగకుండా ఎంతకాలంగా నడుస్తోందో అది చెబుతుంది. తెర మీద వచ్చిన జవాబు చూసి కుర్చీలో నిటారుగా కూర్చుంది. నలభై ఒక్క రోజులు.

నలభై ఒక్క రోజులు! ఎవరైనా ఒక్కసారి ఆపి ఉంటే, ఒక్క నిమిషం కరెంటు తీసి ఉంటే, ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు కావాలి. ఆ పెట్టెను నలభై ఒక్క రోజులుగా ఎవరూ ఆపలేదు. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం. రెండు పచ్చగా ఉన్నాయంటే ఉన్నాయి, బయటి లైను చూపించే మూడోది ఎర్రగా కొట్టుకుంటోందంటే కొట్టుకుంటోంది. "ఓసి నా తెలివీ" అని పైకే అనుకుని నుదురు కొట్టుకుంది.

శుక్రవారం ఒంటిగంటా అయిదుకు మిర్యాలగూడ ఎర్రబడింది. ఈసారి యమున తొందరపడలేదు. ట్రేస్‌రూట్ కొట్టింది. సూర్యాపేట, వచ్చింది. కోదాడ, వచ్చింది. మూడో వరస మూడు చుక్కలు. నాలుగో వరస మూడు చుక్కలు. ఇంకా కిందికి చుక్కలే. కేక కోదాడ దాటలేదు. ఆ పేరు లేని మూడో గడప దగ్గరే ఆగిపోయింది. ఆ పెట్టె ఏదో గానీ దాన్ని తెర మీది బొమ్మల్లో చేర్చడం సాయికిరణ్ మరిచాడు, అందుకే అది పచ్చబడిందో ఎర్రబడిందో ఎవరికీ తెలియదు.

అలవాటు కొద్దీ మిర్యాలగూడకు ఫోన్ చేసింది. అచ్చయ్య ఎత్తాడు.

"ఉండు బిడ్డా, సూసొస్త." కుర్చీ కిర్రుమంది. "రెండు పచ్చ, ఒకటెర్ర. ఎప్పటి లెక్కనే."

ఈసారి ఆమె రాసుకుంది.

తరవాత కోదాడకు ఫోన్ చేసింది. అక్కడి సూపర్‌వైజరు దేవేందర్ మర్యాదస్తుడు. "ఇక్కడ ఎవరూ ఏం ముట్టుకోలేదు మేడం. కంప్యూటర్ రూముకి తాళం వేసుంది, తాళంచెవి నా జేబులోనే ఉంది" అన్నాడు. అబద్ధమాడే గొంతు కాదది.

సాయంత్రం దామోదర్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన మఠంపల్లిలో ఎవరిదో పెళ్లిలో ఉన్నారు, వెనక బ్యాండు మోగుతోంది.

"నలభై ఒకటో, నలభై రెండో, ఆ లెక్కలు నాకు చెప్పకమ్మా. అచ్చయ్య కాదంటవ్. అయితే ఎవరు? అది చెప్పు ముందుగాల. చెప్పలేవా, రేపు సాయంత్రం తాళాలు తాళాలే."

అందుకని శనివారం పొద్దున యమున ఆఫీసుకు పోకుండా సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. రోడ్డుకు రెండు వైపులా కోసిన పొలాలు, ఆరబోసిన వడ్లు, మీద కాళ్లతో గీతలు గీస్తూ నడిచే ఆడవాళ్లు. ఫోనులో ఆ సాఫ్ట్‌వేర్ తెరిచే పెట్టుకుంది. మిర్యాలగూడ పచ్చగానే ఉంది.

కోదాడ మిల్లులో దేవేందర్ ఎదురొచ్చి మంచినీళ్లిచ్చాడు. కంప్యూటర్ గది తాళం తీసి చూపించాడు. అక్కడ అన్నీ శుభ్రంగా ఉన్నాయి, అన్నీ వెలుగుతున్నాయి.

"మిర్యాలగూడ పొయ్యే లైను ఈ రూములకెల్లేనా?"

"కాదు మేడం. అది రోడ్డు వైపు నుంచి లాగారు. లైను వాళ్లు వచ్చినప్పుడు దగ్గర పడుతుందని శాంపిల్ రూములో బిగించి పోయారు."

శాంపిల్ రూమంటే వడ్ల మచ్చులు పెట్టే గది. గోడ పొడుగునా చిన్న చిన్న సంచులు, ఒక్కొక్కదాని మీద ఊరు పేరు. ఆ రోజు పొద్దున అనంతగిరి నుంచి వచ్చిన కొత్త సంచి కూడా ఉంది. అల్మారా మీద అరచేయంత నల్ల డబ్బా ఒకటి పచ్చగా మెరుస్తోంది. దాని తీగ కిందికి దిగి గోడ ప్లగ్గులో దూరింది. గది మొత్తానికి ప్లగ్గు అదొక్కటే. యమునకు సంగతి సగం అర్థమైంది. ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.

ఒంటిగంటకు అయిదు నిమిషాలుందనగా ఒక పెద్దావిడ కరెంటు కుక్కరు చంకన పెట్టుకుని వచ్చింది. పేరు సుగుణమ్మ, మిల్లులో వంట పరీక్ష ఆమె పని. బియ్యం కడిగింది. వేలు పెట్టి కణుపు లెక్కన నీళ్లు పోసింది. కుక్కరు కింద పెట్టి, వంగి, నల్ల డబ్బా ప్లగ్గు పీకి, జాగ్రత్తగా అల్మారా మీద పెట్టింది. కుక్కరు ప్లగ్గు పెట్టింది. కొంగుతో డబ్బా మీది దుమ్ము కూడా తుడిచింది.

యమున చేతిలో ఫోను బుర్రుమంది. మిర్యాలగూడ ఎర్రబడింది.

"పెద్దమ్మా, గిది రోజూ ఇట్లనే పీకుతవా?"

"రోజూ ఎందుకమ్మా, కొత్త సరుకు దిగిన్నాడే. రెండు రకాలు దిగితే రెండు దఫాలు వండాలి. ఒక్కటేగా ప్లగ్గు. అన్నం దిగ్గానే మళ్లీ పెట్టేస్తాను. ఏనాడూ మర్చిపోలా." సుగుణమ్మ మొహంలో తన పని తాను శ్రద్ధగా చేసుకునే మనిషి ధీమా ఉంది. "ఇదివరకు గ్యాసు పొయ్యుండేది. మొన్న మార్చిలో కాస్త మంట లేచిందని పెద్దాయన పొయ్యి తీయించి ఈ కుక్కరు పంపించాడు."

"ఎవరన్న ఏమన్న ముట్టిండ్రా అంటే లేదన్నరేంది మరి?"

"ముట్టుకోలేదుగా! కంప్యూటరు జోలికి నేనెందుకు పోతాను? నేను వంట చేసుకుంటున్నా."

దేవేందర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. యమున అతని వైపు తిరిగి, "అన్నా, ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉంటదా?" అంది. అతను పరుగున పోయి ఆఫీసులో ఫ్యానుకు పెట్టింది పీక్కొచ్చాడు. రెండు ప్లగ్గులూ దానిలో పెట్టారు. నల్ల డబ్బా మెరిసింది. యమున ఫోనులో మిర్యాలగూడ పచ్చబడింది. మూడు వారాల తంటా తీరడానికి అర నిమిషం పట్టింది.

అప్పుడు యమున చెబితే సుగుణమ్మకు విషయం తెలిసింది. తెలిసి, నిలబడ్డ చోటే గోడకు ఆనుకుంది. "అమ్మో, నా వల్లనా? ఆ ట్రాక్టర్లు ఆగింది నా వల్లనా? నా పని తీసేస్తారా అమ్మా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

యమున ఆమె చేయి పట్టుకుంది. మనసులో మాత్రం గట్టి దెబ్బే తగిలింది. ఎవరు, చెప్పు అన్నారు దామోదర్ గారు. ఇప్పుడు తన దగ్గర పేరు ఉంది. ఈ పేరు రాస్తే అచ్చయ్య మిగులుతాడు, ఈమె పోతుంది. ఆ వాక్యం కూడా నిజమే అవుతుంది, అబద్ధం ఒక్క ముక్క ఉండదు.

"ఏం కాదు పెద్దమ్మా. అన్నం కానియ్. ఇయ్యాల క్యారియర్ నేనే తీస్కపోత" అంది.

నాలుగింటికి సూర్యాపేటలో దామోదర్ గారి బల్ల మీద యమున క్యారియర్ పెట్టింది. ఆయన ఆశ్చర్యపోయారు.

"నువ్వు తెచ్చినవేందమ్మా, డ్రైవరేడి?"

"కోదాడ పోయిన సార్. వచ్చేటప్పుడు తెచ్చిన."

దామోదర్ గారు చేయి కడుక్కుని, అన్నం వేళ్లతో విడదీసి చూశారు. వాసన చూశారు. ఉత్త అన్నమే ముద్ద చేసి నోట పెట్టుకున్నారు. మొహం విప్పారింది. "అనంతగిరి వడ్లా? బంగారమసొంటి సరుకు. ఇగ చెప్పు, దొరికిండా దొంగ?"

"దొరికింది సార్. జర ముద్ద మింగుండ్రి, చెప్త."

"ఏంది?"

"మీరు తింటున్న అన్నమే సార్."

దామోదర్ గారి దవడ ఆగింది. యమున నిలబడే చెప్పింది. మూడో గడప, నల్ల డబ్బా, ఒక్క ప్లగ్గు, కుక్కరు. ఎర్రబడిన రోజులు ఒక కాగితం మీద, కోదాడ క్యారియర్ వచ్చిన రోజులు ఇంకో కాగితం మీద పక్కపక్కన పెట్టింది. ఒక్క రోజు తేడా లేదు. మిర్యాలగూడ పెట్టె నలభై మూడు రోజులుగా ఆగలేదన్న కాగితం కూడా పెట్టింది. చీటీలంటారా, చీటీ రాక ఎండలో నిలబడ్డ రైతులు మొత్తుకుంటే వరసలో ఉన్నవాళ్లకు ఉన్నట్టే అచ్చయ్య చేత్తో రాసిచ్చాడు. ఆయన బల్ల మీదే ఉన్న ఆ పదకొండు చీటీల మీదా రైతులకు గేటు దగ్గర ఇచ్చిన టోకెన్ నంబర్లు వరసగానే ఉన్నాయి, ముందుది ముందు, వెనకది వెనక.

దామోదర్ గారు కాగితాలు చూశారు. తరవాత, "ప్లగ్గు పీకినోళ్లెవరు?" అన్నారు.

"ఆ రూముల ప్లగ్గు ఒక్కటే ఉన్నది సార్. గ్యాసు పొయ్యి తీసి కుక్కరు పంపింది మీరు. కుక్కరుకు ఇంకో ప్లగ్గు గావాలని మనం ఎవ్వలం అనుకోలే."

"పేరు అడిగిన నేను."

"పేరు రాయను సార్. ఒక్కపాలి రాసిన. పదహారేండ్ల సంది ఉన్న మనిషి ఇంటికి పోయేటట్టయింది."

దామోదర్ గారు ఆమెను చూశారు, క్యారియర్ చూశారు. పెద్ద మనిషికి కోపం వస్తుందనుకుంది యమున. రాలేదు. "ఎలక్ట్రీషియన్‌ను పంపు కోదాడకు. మూడు ప్లగ్గులు పెట్టియ్యమను" అన్నారు మెల్లగా. చేయి కడుక్కున్నారు. అన్నం ఇంకా సగం మిగిలే ఉంది. ఫోన్ తీశారు.

"అచ్చయ్యా... ఆఁ, నేనే. తాళాలు ఇయ్యకు ఎవరికీ. నీ కాడనే ఉండనియ్. సోమవారం ఎప్పటి లెక్కనే రా." అవతలి మాట విన్నారు. "ఏం లేదు. యమున కోదాడ పోయి కనుక్కొచ్చింది. తప్పు మా దిక్కు అయింది."

ఆ చివరి మాట ఆయన నోట యమున ఎన్నడూ వినలేదు. ఆయన కూడా ఎక్కువసేపు వినాలనుకోలేదు కాబోలు, ఫోను ఆమె చేతిలో పెట్టి బయటికి పోయారు.

"బిడ్డా," అన్నాడు అచ్చయ్య, "నువ్వే కోదాడ పోయి కనుక్కొచ్చినవట. సేటు చెప్పిండు. సల్లగుండు తల్లీ."

దీవెన వింటుంటే యమునకు ముళ్ల మీద నిలబడ్డట్టుంది. చెప్పకుండా ఊరుకోవచ్చు, ఎవరడుగుతారు? ఊరుకోలేకపోయింది.

"తాతా, నువ్వు పెట్టె ఆపేస్తున్నవని రాసింది నేనే."

అవతల ఒక ట్రాక్టరు కాంటా ఎక్కిన మోత వినపడింది. ఇంజను ఆగింది.

"నాకెర్కనే" అన్నాడు అచ్చయ్య. "బుధవారం నాడే సేటు నీ కాయితం ఫోన్ల పంపిండు. కింద నీ సంతకమున్నది."

"మరి... నిన్న నేను ఫోన్ చేస్తే ఎత్తినవ్. లేసిపోయి లైట్లు సూసొచ్చినవ్."

"నువ్వు అడిగినవ్ గదా బిడ్డా."

యమున ఏడ్చింది. అవతలి మనిషికి వినపడకుండా ఏడుద్దామనుకుంది గానీ వినపడింది. తరవాత కుర్చీ కిర్రుమంది, చెప్పుల చప్పుడు అటు పోయి, ఇటు వచ్చింది.

"మూడు పచ్చగున్నయి" అన్నాడు. "రాసుకో."

ఆమె కళ్లు తుడుచుకుని, బల్ల మీది పెన్ను తీసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసింది.